ఓడిన సీజన్‌ని ఏం చేద్దాం?

(హైదరాబాద్ శివార్లలోని ఒక ఇంజనీరింగ్ కాలేజీ క్రీడా దినోత్సవంలో, విశ్రాంత ఫిజికల్ డైరెక్టర్ ఒకరు చేసిన ప్రసంగ పాఠం)

ప్రిన్సిపాల్ గారికి, అధ్యాపకులకు, పిల్లల కోసం పని మానుకుని వచ్చిన తల్లిదండ్రులకు నమస్కారం. పిల్లలూ, మీ అందరికీ ఆశీస్సులు.

ఇందాక కప్పులు అందుకున్న వాలీబాల్, చెస్, అథ్లెటిక్స్ పిల్లలకి అభినందనలు. వాళ్ల గురించి ముందు మాట్లాడినవాళ్లు చక్కగా చెప్పారు. నేను మాట్లాడాలనుకున్నది అదిగో, ఆ వెనక వరసలో కుడివైపు కూర్చున్న ఫుట్‌బాల్ టీమ్ గురించి. ఈ సాయంత్రం వాళ్ల పేరు స్టేజీ మీద ఇంతవరకు ఎవరూ ఎత్తలేదు. ఈ సీజన్‌లో వాళ్లు ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. రెండు డ్రా చేశారు, మిగతావన్నీ ఓడారు. ఇంటర్ కాలేజ్ టోర్నీలో మొదటి రౌండ్‌లోనే వెనక్కి వచ్చేశారు. వార్షిక నివేదికలో ఫుట్‌బాల్‌కి దక్కింది ఒకే ఒక్క ముక్క: ‘పాల్గొన్నారు’.

వచ్చే ఏడాది అసలు ఈ టీమ్ ఉండాలా, ఆ డబ్బు ఇంకో ఆటకి పెడదామా అన్న చర్చ నడుస్తోందని విన్నాను. చర్చ జరగడంలో తప్పేమీ లేదు. డబ్బు ఊరికే రాదు. కానీ ఆ నిర్ణయం తీసుకునేముందు ఈ సీజన్‌ని ఒకసారి కూర్చుని చదవండి అని అడగడానికే ఈ రోజు వచ్చాను. ‘ఓడిపోయారు’ అన్న మాటతో పుస్తకం మూసేస్తే, అందులో మన కాలేజీ గురించి రాసి ఉన్న సంగతులన్నీ చదవకుండా వదిలేసినట్టే అవుతుంది.

ముందు గ్రౌండ్‌లో ఏం జరిగిందో చెప్తాను. ఈ టీమ్ మ్యాచ్‌లు చాలావరకు నేను దగ్గరుండి చూశాను. పడిన ప్రతి గోల్ పక్కన అది ఎప్పుడు పడిందో, ఎటు నుంచి వచ్చిందో రాసుకోవడం నాకు ఉద్యోగంలో ఉన్నప్పటి నుంచీ అలవాటు. ఆ నోట్‌బుక్ ఇదిగో, ఎవరైనా తీసుకుని చూడొచ్చు. ఫస్టాఫ్‌లో మనవాళ్లు ఇచ్చిన గోల్స్ చాలా తక్కువ. సెకండాఫ్ సగం దాటాకే వరసపెట్టి పడ్డాయి. అందులోనూ చాలావరకు ఎడమవైపు నుంచి వచ్చినవి, లేదా దూరం నుంచి ఎత్తుగా వేసిన బంతులకి పడినవి. ఆట చేతకాని జట్టయితే మొదటి నిమిషం నుంచే పడాలి కదా? వీళ్లకి అలా పడలేదు. ముప్పావు వంతు ఆట దాకా గట్టిగా నిలబడి, ఆ తర్వాత కాళ్లు ఆడక చేతులెత్తేసిన జట్టు ఇది.

టోర్నీ మ్యాచే తీసుకోండి. హాఫ్‌టైమ్‌కి మనమే ఒక గోల్ ముందున్నాం. కార్నర్ నుంచి వచ్చిన బంతిని మన స్టాపర్, అంటే వెనక నడుమ కాపుండే కుర్రాడు, తలతో కొట్టిన ఆ గోల్ ఏ స్థాయి మ్యాచ్‌లోనైనా గోలే. సెకండాఫ్‌లో ఎండ నెత్తి మీదికి వచ్చింది. అవతలివాళ్లు ఇద్దరు కొత్త కుర్రాళ్లని దించారు. అందులో ఒకడు రైట్ వింగ్‌లో మెరుపులా ఉన్నాడు. మన లెఫ్ట్ బ్యాక్, వెనక ఎడమవైపు కాపుండేవాడు, అతని వెంట పైకీ కిందికీ పరిగెత్తి పరిగెత్తి, ఒకసారి తిరగబోయి అక్కడే కూలబడ్డాడు. పిక్క పట్టేసింది. నేను టచ్‌లైన్ పక్కనే ఉన్నాను. కాలు చాపి, బొటనవేలు వెనక్కి వంచి పట్టుకున్నాను. ఆ పిక్క రాయిలా బిగుసుకుపోయి ఉంది, చర్మం కింద కండ దానంతటదే కదులుతోంది. ఆ అబ్బాయి ‘సార్, నేను ఆడతా, లేపండి’ అంటున్నాడు. లేచాడు, ఆడాడు కూడా. కానీ ఆ తర్వాత వచ్చిన రెండు గోల్స్ ఆ పక్క నుంచే వచ్చాయి. మన బెంచీ మీద లెఫ్ట్ బ్యాక్ ఆడగల ఇంకో కుర్రాడు లేడు.

ఇది చూసి ‘స్టామినా లేదు’ అనేసి ఊరుకోవడం తేలిక. స్టామినా ఎందుకు లేదో అడగాలి. కండరాలు అలా పట్టేయడానికి ముఖ్యమైన కారణం అలసట, అలవాటు లేని పరుగు. ఈ పిల్లలకి ఆ పరుగు ఎందుకు అలవాటు లేదు? ఎందుకంటే వాళ్లు ఏడాది పొడుగునా ప్రాక్టీస్ చేసేది వేరే ఆట. మాట కటువుగా ఉన్నా నిజం అదే.

మన కాలేజీ గ్రౌండ్ మీకు తెలుసు. పార్కింగ్ కోసం ఒక పక్క తీసేశారు, ఇంకో పక్క బాస్కెట్‌బాల్ కోర్టు వచ్చింది. మిగిలిన దాని నడుమ క్రికెట్ పిచ్ ఉంది. సాయంత్రం క్రికెట్ వాళ్లు ఒక చివర, ఫుట్‌బాల్ వాళ్లు ఇంకో చివర. అందుకని టీమ్ పిల్లలు తలా కొంత వేసుకుని రాత్రిపూట టర్ఫ్, అంటే కృత్రిమ గడ్డి పరిచిన చిన్న గ్రౌండ్, బుక్ చేసుకుంటున్నారు. హైదరాబాద్‌లో ఇప్పుడు ఏ కాలనీకి వెళ్లినా లైట్ల వెలుగులో పచ్చటి టర్ఫ్ ఒకటి కనిపిస్తుంది. పిల్లలు ఫోన్లు పక్కన పెట్టి అక్కడ ఆడుతున్నారంటే నాకు సంతోషమే. కాకపోతే అక్కడ ఆడేది ఐదుగురి ఆట.

కొంచెం లెక్క చెప్తాను, ఇంజనీరింగ్ పిల్లలే కాబట్టి విసుక్కోరు. పెద్ద ఫుట్‌బాల్ గ్రౌండ్ సాధారణంగా 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు. అంటే 7,140 చదరపు మీటర్లు. ఇద్దరు కీపర్లని తీసేస్తే ఇరవై మంది. తలా 357 చదరపు మీటర్లు. ఐదుగురి ఆటకి ఫుట్‌సాల్ (జట్టుకి ఐదుగురు ఆడే చిన్న ఫుట్‌బాల్) కొలత వేసుకుంటే 40 మీటర్లు, 20 మీటర్లు. అంటే 800 చదరపు మీటర్లలో, కీపర్లు కాక ఎనిమిది మంది. తలా వంద. చిన్న ఆటలో వంద చదరపు మీటర్లు చూసుకోవడం అలవాటైన కుర్రాడిని తీసుకెళ్లి, దానికి మూడున్నర రెట్లు ఉన్న చోటులో నిలబెట్టి, ‘అటు నుంచి ఎవడూ రాకూడదు’ అన్నాం. మన లెఫ్ట్ బ్యాక్ కూలబడింది అక్కడ.

పరుగొక్కటే కాదు. టర్ఫ్ మీద బంతి నేల మీదే తిరుగుతుంది. నలభై గజాల అవతల నుంచి గాలిలో వచ్చే బంతి ఎక్కడ పడుతుందో అంచనా వేసే పని అక్కడ ఉండదు. ఫుట్‌సాల్ రూల్స్‌లో ఆఫ్‌సైడ్ లేదు, అంటే అవతలి బ్యాక్‌లని దాటి ముందే వెళ్లి నిలబడి పాస్ అందుకోకూడదన్న నియమం లేదు. కాబట్టి నలుగురు బ్యాక్‌లు ఒక గీత మీద నిలబడి, ఒక్క మాటతో కలిసి ముందుకి కదలడం వాళ్లకి ఎవరూ నేర్పలేదు, నేర్పే చోటూ లేదు. దూరం నుంచి ఎత్తుగా వచ్చిన బంతులకి మనం గోల్స్ ఇచ్చామని నోట్‌బుక్‌లో ఉంది కదా, కారణం ఇదే.

ఇక మన కీపర్. ఫస్టియర్ కుర్రాడు, సిద్దిపేట వైపు నుంచి వచ్చాడు. స్కూల్లో వాలీబాల్ ఆడాడట. చేతులు బాగున్నాయి, ఎత్తున్నాడు అని గోల్‌లో నిలబెట్టారు. పెద్ద గోల్ 7.32 మీటర్ల వెడల్పు, 2.44 మీటర్ల ఎత్తు. ఫుట్‌సాల్ గోల్ 3 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల ఎత్తు. ఈ కుర్రాడు టర్ఫ్ మీద రెండు చేతులు చాపితే సగానికి పైగా మూసుకుపోతుంది. మ్యాచ్‌లో వెనక్కి తిరిగి చూసుకుంటే అటొక మనిషి, ఇటొక మనిషి పట్టేంత ఖాళీ. వాడికి ఏడాదంతా కీపింగ్ నేర్పినవాళ్లు ఒక్కరూ లేరు, ఫోన్‌లో వీడియోలు చూసి నేర్చుకున్నాడు. అయినా చివరి మ్యాచ్‌లో పెనాల్టీ ఒకటి ఆపాడు. ఆ సంగతి కూడా రాసుకున్నాను. బాబూ, పీటర్ తంగరాజ్ పేరు విన్నావా? 1962 ఏషియన్ గేమ్స్ ఫైనల్లో ఇండియా గోల్‌లో నిలబడినవాడు. మన హైదరాబాద్‌లో పుట్టినవాడు. ఆయన కూడా మొదట్లో సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడి, తర్వాత కీపర్ అయ్యాడు. నువ్వు వాలీబాల్ కోర్టు నుంచి వచ్చానని ఏమీ అనుకోవద్దు.

తల్లిదండ్రులకి తెలియని విషయం ఒకటి చెప్పాలి. మన టీమ్‌లో సగం మంది హాస్టల్ పిల్లలు, సగం మంది డే స్కాలర్లు. క్లాసులు నాలుగు దాటాక అయిపోతాయి. బస్సులు పది నిమిషాల్లో కదులుతాయి. ఉప్పల్, దిల్‌సుఖ్‌నగర్, కూకట్‌పల్లి వెళ్లే పిల్లవాడు ఆ బస్సు వదిలేస్తే ఇంటికి చేరడానికి ఆటో, సిటీ బస్సు, మెట్రో అన్నీ మారాలి. కాబట్టి సాయంత్రం ప్రాక్టీస్‌కి ఉండేది హాస్టల్ వాళ్లే. టర్ఫ్‌కి వచ్చేది ఎక్కువగా డే స్కాలర్లు, ఎందుకంటే రాత్రి ఎనిమిది తర్వాత హాస్టల్ గేటు తీయరు. అర్థమైందా అండీ? ఒకే టీమ్‌లో ఉన్న రెండు సగాలు ఒకరినొకరు చూసుకునేది మ్యాచ్ రోజునే. లెఫ్ట్ బ్యాక్ హాస్టల్, లెఫ్ట్ హాఫ్ డే స్కాలర్. వాళ్లిద్దరూ ఏడాదంతా కలిసి ఆడిన గంటలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఎడమవైపు నుంచి గోల్స్ పడక ఇంకెటు నుంచి పడతాయి?

దీనికి తోడు 75 శాతం అటెండెన్స్ టెన్షన్. మ్యాచ్‌కి వెళ్లిన రోజు హాజరు వేయించుకోవడానికి పిల్లలు లెటర్ పట్టుకుని ఒక్కో డిపార్ట్‌మెంట్ చుట్టూ తిరుగుతున్నారు. కొందరు లెక్చరర్లు సంతకం పెడతారు, కొందరు ‘గెలిచి రండి, అప్పుడు చూద్దాం’ అంటారు. ఆ మాట అన్నవాళ్లు సరదాకే అని ఉండొచ్చు, కానీ విన్న పిల్లవాడికి అది సరదాగా ఉండదు. థర్డియర్‌లో మంచి మిడ్‌ఫీల్డర్ ఒకడు సీజన్ మధ్యలో ఆట మానేశాడు. ప్లేస్‌మెంట్ ట్రైనింగ్ క్లాసులు సరిగ్గా మ్యాచ్‌ల రోజుల్లోనే పడ్డాయి. అతన్ని నేను తప్పుపట్టను. ఇంట్లో పరిస్థితి అతనికి తెలుసు.

ఇప్పుడు కాస్త వెనక్కి వెళ్తాను. ఇది హైదరాబాద్ కాబట్టి వెళ్లక తప్పదు. ఇక్కడి పిల్లలకి ఈ ఊరు క్రికెట్ ఊరు, బ్యాడ్మింటన్ ఊరు. ఒకప్పుడు ఇది దేశానికి ఫుట్‌బాల్ నేర్పిన ఊరు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయిలో రోవర్స్ కప్ అనే పెద్ద ఫుట్‌బాల్ టోర్నీ గెలిచింది. ఆ జట్టుని తయారుచేసినవాడు సయ్యద్ అబ్దుల్ రహీం, బడిపంతులు. ఇండియా జట్టుకి కోచ్‌గా 1951లో ఢిల్లీలోనూ, 1962లో జకార్తాలోనూ ఏషియన్ గేమ్స్ బంగారు పతకాలు తెచ్చాడు. ఇవి మీరు ఎక్కడైనా చదువుకోవచ్చు. నేను ఈ రోజు ఆయన గెలుపుల గురించి మాట్లాడను. ఆయన ఓడిన మ్యాచ్‌ల గురించి చెప్తాను, అవి మనకి ఎక్కువ పనికొస్తాయి.

1952, హెల్సింకీ ఒలింపిక్స్. ఏడాది కిందటే ఆసియా ఛాంపియన్లు అయిన జట్టు. కోచ్ రహీం. మొదటి మ్యాచ్ యుగోస్లావియాతో. 10-1తో ఓడిపోయింది. మళ్లీ చెప్తున్నాను, పది గోల్స్. మన ఆటగాళ్లు చాలామంది ఉత్త కాళ్లతో ఆడారు. అక్కడి చలి వేరు, నేల వేరు, ఎదుటివాళ్ల కాళ్లకి బూట్లు. మన టీమ్ ఈ ఏడాది ఎంత ఓడినా, ఎవరూ పది గోల్స్ కొట్టలేదు. ఆ రోజున ‘ఫుట్‌బాల్ మనకి పడదు, ఎత్తేద్దాం’ అని ఎవరైనా అని ఉంటే కాదనడం కష్టమయ్యేది. జరిగింది వేరు. ఎందుకు ఓడామో చూశారు. బూట్లతో ఆడటం తప్పనిసరి చేశారు. అది పిల్లల ఇష్టానికి వదిలిన విషయం కాకుండా పోయింది.

నాలుగేళ్ల తర్వాత, 1956, మెల్‌బోర్న్ ఒలింపిక్స్. అదే కోచ్. ఇండియా ఆస్ట్రేలియాని 4-2తో ఓడించి సెమీ ఫైనల్‌కి వెళ్లింది. ఆసియా దేశాల్లో అలా ఒలింపిక్స్ సెమీస్‌కి వెళ్లిన మొదటి జట్టు మనదే. సెమీస్‌లో ఎదురుగా ఎవరున్నారో తెలుసా? మళ్లీ యుగోస్లావియా. ఈసారి మొదటి గోల్ కొట్టింది మనవాళ్లే. చివరికి 4-1తో ఓడారు. ఆ తర్వాత కాంస్యం కోసం ఆడిన మ్యాచ్‌లో బల్గేరియా చేతిలో 3-0తో ఓడారు, నాలుగో స్థానంతో వచ్చారు. ఫలితాల పట్టికలో చూస్తే 1952లోనూ ఓటమే, 1956లోనూ ఓటమే. కానీ ఆట తెలిసినవాడు ఆ రెండు ఓటముల మధ్య నాలుగేళ్ల పని చూస్తాడు.

1960 రోమ్ కూడా అంతే. హంగేరీతో 2-1తో ఓటమి, ఫ్రాన్స్‌తో 1-1 డ్రా, పెరూతో 3-1తో ఓటమి. ఒక్క గెలుపు లేదు. గ్రూపులో ఆఖరి స్థానం. కానీ హంగేరీ మీదా, పెరూ మీదా ఇండియాకి గోల్ కొట్టినవాడు తులసీదాస్ బలరాం. ఇక్కడి నుంచి అంత దూరం కూడా లేని సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు. గెలుపు లేని ఆ టోర్నీని తలుచుకుని ఇప్పటికీ పాత ఆటగాళ్లు గర్వపడతారు. ఫ్రాన్స్‌ని ఆపిన జట్టది, హంగేరీని చెమటలు పట్టించిన జట్టది. రెండేళ్ల తర్వాత జకార్తాలో బంగారం గెలిచింది కూడా చాలావరకు ఆ పిల్లలే.

జకార్తా సంగతి మన కెప్టెన్ ప్రత్యేకంగా వినాలి. 1962లో ఇండియా మొదటి మ్యాచ్ దక్షిణ కొరియాతో ఆడి 2-0తో ఓడిపోయింది. ఆ తర్వాత థాయ్‌లాండ్‌ని 4-1తో కొట్టింది. ఆ మ్యాచ్‌లో మన డిఫెండర్ జర్నైల్ సింగ్ తల పగిలింది, కుట్లు పడ్డాయి. అలాంటివాడిని వెనక ఉంచితే పదే పదే తలతో బంతి ఆపాల్సి వస్తుంది. రహీం ఏం చేశాడు? అతన్ని ఇంటికి పంపలేదు, సెమీ ఫైనల్లో సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించాడు. సెమీస్‌లో దక్షిణ వియత్నాం మీద జర్నైల్ గోల్ కొట్టాడు. ఫైనల్లో ఎదురైంది మళ్లీ దక్షిణ కొరియా, మొదటి రోజు మనల్ని ఓడించిన జట్టే. పి.కె. బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి కొట్టారు. 2-1. మొదటి ఓటమిలో కొరియా వాళ్లు ఎలా ఆడతారో చూసుకున్న జట్టు, ఫైనల్లో ఆ పాఠాన్ని వాడుకుంది. రహీం అప్పటికే క్యాన్సర్‌తో బాధపడుతున్నాడు. 1963 జూన్‌లో పోయాడు.

ఆయన హైదరాబాద్ కుర్రాళ్ల చేత ఎలా ప్రాక్టీస్ చేయించేవాడో మా పెద్దలు చెప్పేవారు. వాటం లేని కాలితోనే ఆడాలి అని టోర్నీలు పెట్టేవాడు. డ్రిబ్లింగ్ చేయకూడదు, బంతి రాగానే పాస్ ఇవ్వాలి అని ఇంకో రకం పెట్టేవాడు. జట్టులో ఏ లోపం కనిపిస్తే దానికో ఆట కల్పించాడన్నమాట. మన లోపాలు ఈ నోట్‌బుక్‌లో ఉన్నాయి. వాటికి సరిపడే ప్రాక్టీస్ కల్పించడం పెద్దవాళ్ల పని, పిల్లల పని కాదు.

నిలబెట్టుకోకపోతే ఏమవుతుందో చెప్పడానికి పాత కాలం దాకా అక్కర్లేదు. 2022 మార్చి 20న గోవాలో హైదరాబాద్ ఎఫ్‌సీ క్లబ్ ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) ఛాంపియన్ అయింది. కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్ 1-1తో ముగిస్తే, పెనాల్టీల్లో మన కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు ఆపాడు. ఆ రాత్రి ఇక్కడి హాస్టళ్లలో గోల ఎంతో మీ సీనియర్లని అడగండి. రెండేళ్లు తిరక్కుండానే, 2023-24 సీజన్‌లో అదే క్లబ్ 22 మ్యాచ్‌లు ఆడి ఒక్కటంటే ఒక్కటి గెలిచింది. 8 పాయింట్లతో అట్టడుగున నిలిచింది. జీతాల బకాయిలు, సీజన్ మధ్యలో వెళ్లిపోయిన విదేశీ ఆటగాళ్లు, కొత్త ఆటగాళ్లని తీసుకోకుండా నిషేధాలు. మిగిలింది ఎక్కువగా మన దేశపు కుర్రాళ్లు. వారం వారం ఓడతామని తెలిసీ ఆ పిల్లలు జెర్సీ వేసుకుని గ్రౌండ్‌లోకి వచ్చారు. గచ్చిబౌలి స్టేడియంలో ఖాళీ కుర్చీల ముందు ఆడారు. మార్చిలో చెన్నైయిన్ మీద 1-0తో ఆ ఒక్క మ్యాచ్ గెలిచినప్పుడు వాళ్ల ముఖాలు చూసి నాకు కళ్లు చెమ్మగిల్లాయి. ఆ సీజన్‌లో ఓడింది కాళ్లు కావు, ఆ కాళ్ల వెనక ఉండాల్సిన ఏర్పాటు. 2025లో ఆ క్లబ్ ఊరే వదిలి ఢిల్లీకి వెళ్లిపోయింది. హైదరాబాద్ పేరుతో ఐఎస్‌ఎల్ జట్టు ఇప్పుడు లేదు. ఒక జట్టు పోవడానికి ఎంతసేపు పడుతుందో మనం కళ్లారా చూశాం, దాన్ని మళ్లీ కట్టడానికి ఎంతకాలం పడుతుందో ఎవరూ చెప్పలేరు.

దేశం జట్టు కూడా 2024లో 11 మ్యాచ్‌లు ఆడి ఒక్కటీ గెలవలేదు. ఆరు ఓటములు, ఐదు డ్రాలు. ఆ ఏడాది ఆఖరి మ్యాచ్ నవంబర్‌లో మన గచ్చిబౌలిలోనే, మలేషియాతో 1-1. అప్పుడు కోచ్ ఎవరు? హైదరాబాద్‌ని ఛాంపియన్ చేసిన మనోలో మార్క్వెజే. అంత మంచి కోచ్‌కీ గెలుపు దొరకని ఏడాది ఉంటుంది. కోచ్‌నో, కెప్టెన్‌నో, కీపర్‌నో ఒక్కడిని పట్టుకుని ‘నీ వల్లే’ అనడం ఆట తెలియనివాళ్లు చేసే పని.

సరే, నేను అడగాలనుకున్నవి అడుగుతాను. ప్రిన్సిపాల్ గారూ, నాకు కొత్త స్టేడియం వద్దు. వారానికి మూడు రోజులు సాయంత్రం ఆరు గంటలకి ఒక్క బస్సు నడపండి. ఒక రూట్ చాలు, ఉప్పల్ మెట్రో స్టేషన్ దాకా దింపితే మిగతా దారి పిల్లలే చూసుకుంటారు. ఆ ఒక్క బస్సుతో డే స్కాలర్లు, హాస్టల్ పిల్లలు ఒకే గ్రౌండ్‌లో ఉంటారు. ఇది ఫుట్‌బాల్‌కే కాదు, లైబ్రరీలో కూర్చునే పిల్లలకీ, ల్యాబ్‌లో ప్రాజెక్టు పని ఉన్నవాళ్లకీ పనికొస్తుంది. ఖర్చు లెక్క వేయించి రవాణా ఇన్‌ఛార్జి గారికి ఇచ్చాను.

రెండోది, వారంలో ఒక్కరోజైనా పూర్తి కొలత గ్రౌండ్ మీద ఆట. మన గ్రౌండ్‌ని పెంచలేం, అది తెలుసు. సెలవు రోజుల్లో అద్దెకిచ్చే పెద్ద గ్రౌండ్లు ఈ చుట్టుపక్కలే ఉన్నాయి. టర్ఫ్ కోసం పిల్లలు తమ జేబుల్లోంచి పెడుతున్న డబ్బుకి కాలేజీ కొంచెం కలిపితే సరిపోతుంది. మ్యాచ్ రోజు హాజరు గురించి పిల్లలు గుమ్మం గుమ్మం తిరగకుండా, మీ ఆఫీసు నుంచి ఒకే సర్క్యులర్ వెళ్లాలి. ఇది ఖర్చు లేని పని.

కీపర్ల కోసం నెలకి నాలుగు సార్లు వచ్చి నేర్పడానికి డిపార్ట్‌మెంటల్ జట్టులో ఆడి రిటైరైన ఒక మిత్రుడు ఒప్పుకున్నాడు. డబ్బు వద్దన్నాడు, రానూపోనూ ఛార్జీలు ఇద్దాం.

తల్లిదండ్రులకి ఒక మాట. మీ అబ్బాయి ఈ ఏడాది ఆటలో ఓడి ఇంటికి వచ్చిన రోజు ‘చదువు చూసుకోరా, ఈ ఆటలు మనకెందుకు’ అని ఉంటారు. కడుపు తీపితో అన్న మాటే అది. కానీ గెలుపు ఆశ తగ్గిపోయాక కూడా పొద్దున్నే ఐదింటికి లేచి బూట్లు కట్టుకుని వెళ్లిన పిల్లవాడు మీ ఇంట్లో ఉన్నాడు. ఆఖరి లీగ్ మ్యాచ్‌కి ఈ టీమ్‌లో ఒక్కరూ ఎగ్గొట్టలేదు. ఆ మ్యాచ్‌కి ఏ విలువా లేదు, గెలిచినా ముందుకి వెళ్లేది లేదు. అయినా పదిహేను మందీ వచ్చారు. ఎదురుగా ఆడింది సీజన్ మొదట్లో ఫ్రెండ్లీలో మనల్ని ఐదు గోల్స్ తేడాతో ఓడించిన కాలేజీయే. ఆ రోజు మళ్లీ ఓడాం, ఒక్క గోల్ తేడాతో. పెనాల్టీ ఆపింది ఆ మ్యాచ్‌లోనే. ఐదు నుంచి ఒకటికి ఎలా వచ్చారో ఎవరైనా అడిగారా వాళ్లని? నేను అడిగాను. ఆ మ్యాచ్‌కి ముందు రెండు వారాలు బ్యాక్ లైన్ నలుగురూ లంచ్ టైమ్‌లో డబ్బా త్వరగా ముగించి, క్రికెట్ పిచ్ పక్కన ఒక తాడు పట్టుకుని నలుగురూ ఒకే గీతలో కదలడం ప్రాక్టీస్ చేశారట. వాళ్లకి ఆ ఉపాయం ఎవరూ చెప్పలేదు. వాళ్లే కనిపెట్టారు.

అలాంటి పిల్లలున్న టీమ్‌ని మూసేస్తామా? ఫైనలియర్ వాళ్లు ముగ్గురే వెళ్లిపోతున్నారు. మిగతావాళ్లందరికీ ఇంకో ఏడాదో, రెండేళ్లో ఉంది. ఇప్పుడు ఆపేస్తే వాళ్లు నేర్చుకున్నది కింది క్లాసు పిల్లలకి అందే దారి తెగిపోతుంది. మళ్లీ ఎప్పుడో మొదలుపెడితే మొదటి రోజు నుంచి నేర్చుకోవాలి.

ఇక టీమ్‌కి. బాబూ కెప్టెన్, ఈ నోట్‌బుక్ నీకు ఇచ్చేస్తున్నాను. వచ్చే సీజన్ నుంచి రాసే పని నీది. బెంచీ మీద ఉన్నవాడి చేత రాయించు, వాడికీ ఆట కనిపిస్తుంది. పాతబస్తీ వైపు బార్కస్‌లో ఫుట్‌బాల్ ఆడే కుర్రాళ్ల క్లబ్ ఒకటి ఉంది, వాళ్లతో మాట్లాడాను. అక్కడ చిన్న పిల్లలు కూడా మనకంటే బాగా ఆడతారు, అందుకే అక్కడికి వెళ్లాలి. వచ్చే నెల రెండో ఆదివారం రమ్మన్నారు, పొద్దున ఆరున్నరకి కిక్ ఆఫ్. డే స్కాలర్లు నేరుగా అక్కడికే రండి, హాస్టల్ వాళ్లని నేను వ్యాన్‌లో తీసుకొస్తాను. ఫస్టియర్‌లో ఆడాలన్న ఆశ ఉన్నవాళ్లు ఎవరున్నా శుక్రవారం లోపు కెప్టెన్‌కి పేరు ఇవ్వండి. లెఫ్ట్ బ్యాక్ ఆడగలిగినవాళ్లు ముందుగా ఇవ్వండి. స్టడ్స్ ఉన్న బూట్లు లేనివాళ్లు మొహమాటపడకుండా సైజు కూడా రాయించండి.